నాలుగో ముద్ద

వంటమనిషి లూదియా మొదటి ఆకులో మూడో ముద్ద పెట్టబోతుండగా శేషయ్య వంగి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. మూడు పెడ్తాండావేందీ?"

"మూడు కుండలు గదా పెద్దాయనా. మూడే పెడ్తారు."

"ఆకులో మూడు ముద్దలు ఎప్పుడు పెడ్తారో తెలీదా? మనిషి పోయినంక పెడ్తారు, కాకులకు. బతికినోళ్ళ ముందర పెట్టేదా?"

ఆకుల ముందు కూర్చున్న తొమ్మిది మందీ ఒక్కసారి ఆ ఆకు వైపు చూశారు. వరసలో అందరికంటే పెద్దావిడ ఉమామహేశ్వరమ్మ తన ఖాళీ ఆకు మీది చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నిజమేనప్పా. నాకింకా టైముండాది," అంది. నవ్వులు లేచాయి గానీ ఎవరూ ఆకు ముట్టలేదు.

నంద్యాలలో ఆ కల్యాణమంటపం వెనక హాలు ఆళ్ళగడ్డ విత్తనాల సంఘం వాళ్ళు ఆ మంగళవారం పూటకు తీసుకున్నారు. కాలువ ఎగువన సంఘానికి నలభై ఎకరాల మాగాణి ఉంది. ఏటా అందులో ఒకటే రకం వడ్లు వేసి, ఆ విత్తనం చుట్టుపక్కల రైతులకు ఇస్తారు. ఈ ఏడు ఏ రకం వేయాలో అన్నం తిని తేల్చమని తొమ్మిది మందిని పిలిచారు. అయిదుగురు ఆళ్ళగడ్డ చుట్టూ ఉన్న పల్లెల వాళ్ళు, నలుగురు నంద్యాల టౌను వాళ్ళు. ఏ కుండ ఎవరిదో వాళ్ళకు తెలియకుండా కుండల మీద సున్నంతో చుక్కలు పెట్టారు. ఒక చుక్కది శేషయ్య గట్టు వడ్ల బియ్యం. రెండు చుక్కలది నంద్యాల మిల్లు శ్రీకాంత్ తెచ్చిన తెల్ల సన్నం. మూడు చుక్కలది జయమ్మ ఎర్ర దొడ్డు బియ్యం. శ్రీకాంత్, జయమ్మ గోడవారగా నిలబడి ఉన్నారు.

"అయితే ఏం చేద్దాం పెద్దనాయనా?" అని అడిగింది సంఘంలో పనిచేసే కావ్య. ఆమె చేతిలో చింతగింజల డబ్బా ఉంది. ఒక్కో ఆకు పక్కన ఆరేసి గింజలు అప్పటికే పెట్టేసింది. నచ్చిన ముద్ద దగ్గర మూడు, తర్వాతదాని దగ్గర రెండు, ఆఖరుదాని దగ్గర ఒకటి పెట్టాలని లెక్క.

"ఇంకొకటి పెట్టండి. నాలుగు చేయండి."

"మన భోజనాలకు వండింది ఉండాది," అంది లూదియా. "అంగడి బియ్యం. అది పెట్టేదా?"

"పెట్టు. ఏదైతే ఏమి, మూడు కాకుంటే సరి," అన్నాడు శేషయ్య.

శ్రీకాంత్ భుజాలెగరేశాడు. జయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కావ్య వరస వెంట మళ్ళీ నడిచి ప్రతి ఆకు దగ్గరా ఇంకో నాలుగు గింజలు వదిలింది. ఇప్పుడు మనిషికి పది. నచ్చినదానికి నాలుగు, తర్వాత మూడు, రెండు, ఒకటి.

తినడం మొదలైంది. కూర లేదు, చారు లేదు. ఉత్త అన్నం, నీళ్ళు. శేషయ్య చేతులు కట్టుకుని వాళ్ళ వేళ్ళనే చూస్తున్నాడు. టౌను వాళ్ళు మెతుకును వేళ్ళ కొసలతో ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తున్నారు. పల్లె వాళ్ళు బొటనవేలితో ముద్దను నొక్కి, అది మళ్ళీ విడుతుందా లేదా అని చూసి నోట్లో వేసుకుంటున్నారు. ఉమామహేశ్వరమ్మ ఒక చుక్క ముద్దను నమిలి, కళ్ళు మూసుకుని, ఇంకోసారి తీసుకుంది.

కావ్య ఆకు ఆకు దగ్గరా ఆగి గింజలు కాగితంలో రాసుకుంది. కూడింది. మళ్ళీ కూడింది.

"రెండు చుక్కలది ముప్పై ఒకటి. ఒక చుక్కది ఇరవై ఎనిమిది. అంగడిది ఇరవై రెండు. మూడు చుక్కలది తొమ్మిది."

శ్రీకాంత్ తన తెల్ల చొక్కా చేతులు సర్దుకున్నాడు. ఎవరో అతని వీపు తట్టారు.

"తొమ్మిది ఆకులు, తొమ్మిది గింజలు," అంది జయమ్మ. "పోనీలే, ఎవురూ ఉమ్మలేదు."

జనం చేతులు కడుక్కోవడానికి లేచారు. శేషయ్య ఊరికే నిలబడడం చేతగాక లూదియాతో పాటు ఆకులు ఎత్తసాగాడు. మొదటి ఆకు మడవబోతూ ఆగాడు. గింజలు ఇంకా ముద్దల పక్కనే ఉన్నాయి. తన ముద్ద దగ్గర నాలుగు. ముద్ద లేదు, తినేశారు. రెండో ఆకు. నాలుగు. మూడో ఆకు. ఉమామహేశ్వరమ్మది నాలుగోది. అయిదోది. అయిదింటిలోనూ తనదే ముందు, శ్రీకాంత్‌ది రెండోది. తర్వాతి నాలుగూ టౌను వాళ్ళవి. అక్కడ శ్రీకాంత్‌ది ముందు, అంగడిది రెండోది, తనది మూడోది. ఆకులన్నీ ఈ రెండు తీర్లే.

అయిదుగురు తనది ముందన్నారు. నలుగురు శ్రీకాంత్‌ది ముందన్నారు. అంగడి బియ్యాన్ని ముందన్నవాడు ఒక్కడూ లేడు.

"పెద్దాయనా, ఆకు ఇడ్సు," అంది లూదియా. "కారిపోతాండాది."

అతను ఆకు వదిలాడు. గుమ్మం దగ్గర జయమ్మ నాలుగు కుండల్లో మిగిలిన అన్నం నాలుగు గిన్నెల్లోకి వేరువేరుగా తోడుకుంటోంది.

శేషయ్య ఊరు ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో నాలుగు మైళ్ళు. మర్నాడు పొద్దున అతను అరుగు మీద బొగ్గుతో నాలుగు నిలువు గీతలు, తొమ్మిది అడ్డగీతలు గీశాడు. పెరట్లో పాత చింతగింజల మూట ఉంది. పిడికెడు తెచ్చుకుని గళ్ళలో పెట్టడం మొదలుపెట్టాడు.

ఇందుమతి తడి గోనెచుట్ట పట్టుకుని వచ్చి భర్త ముందు నిలబడింది.

"ఏందీ, పులిజూదమా? ఎవురితో?"

"ఊరికే."

ఆమె అరుగు అంచున కూర్చుని గోనెచుట్ట విప్పింది. అయిదు రోజుల కిందట అందులో వంద గట్టు వడ్లు పరిచి తడిపి చుట్టింది. ఇప్పుడు తెల్లటి మొనలు తేలిన గింజలను ఒక పక్కకు, మొండి గింజలను ఒక పక్కకు వేలి గోటితో ఏరుతోంది. శేషయ్య చెయ్యి ఆగింది. ఆమె పెదాలు లెక్కపెడుతుంటే చూస్తున్నాడు.

"అరవై రెండు."

"సరిగ్గా చూడు."

"చూసినా. పోయినేడు ఎనభై తొమ్మిది వచ్చినాయి."

నిరుడు కాలువ నీళ్ళు చివరి మడులకు రాలేదు. శేషయ్య నారు నారుగానే ఎండిపోయింది. ఇంట్లో ఉన్నవి అంతకు ముందటేటి వడ్లు, బస్తాకు కొంచెం తక్కువ. గట్టు మీద ఒంటరిగా నిలిచిన ఒక వెన్నును కోసుకొచ్చి, ఏడేళ్ళు దుబ్బు దుబ్బుకూ వంగి చూసి, తేడా ఉన్నదాన్నల్లా పెరికి పారేసి నిలబెట్టిన రకం. ఈ ఏడు తడి నేల తగలకపోతే వచ్చే ఏడు గోనెలో మొలిచేది ఇరవయ్యో, పదో. ఆ తర్వాత అవి వడ్లు కావు, పొట్టు.

శేషయ్య మళ్ళీ గింజల వైపు తిరిగాడు. తొమ్మిది వరసలూ నిండాయి. గీతల వెంట కూడాడు. ముప్పై ఒకటి, ఇరవై ఎనిమిది. కావ్య చెప్పిందే. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత అంగడి బియ్యం గీతలోని గింజలన్నీ అరచేత్తో పక్కకు ఊడ్చేశాడు. మిగిలిన మూడింటికి మూడు, రెండు, ఒకటి చొప్పున కొత్తగా పెట్టాడు. నిన్న ఎవరు ఏది ముందన్నారో, ఏది వెనకన్నారో అలాగే ఉంచాడు. ఒక్కటి కూడా మార్చలేదు.

కూడాడు. తనది ఇరవై మూడు. శ్రీకాంత్‌ది ఇరవై రెండు.

గింజలన్నీ తీసి మళ్ళీ మొదట్నుంచీ పెట్టాడు. ఇరవై మూడు, ఇరవై రెండు. మూడోసారి ఇందుమతిని పెట్టమన్నాడు.

"ఇరవై మూడు నీది," అంది ఆమె. "అయితే గెలిచినట్లే గదా?"

"ఈ గీత లేకుంటే గెలుస్తా. ఉంటే ఓడిపోతా."

"అదెట్ల? అది ఎవురికీ నచ్చనే లేదంటివే."

"నచ్చలే. ఆ నలుగురి ఆకుల్లో నాకూ ఆయప్పకూ నడుమ వచ్చి కూర్చున్యాది. నన్ను ఒక మెట్టు కిందికి దొబ్బింది."

"దాన్ని ఏ మహానుభావుడు తెమ్మన్యాడు?"

శేషయ్య అరుగు మీద బొగ్గు గీతను బొటనవేలితో రుద్దాడు.

"నేనే," అన్నాడు.

ఇందుమతి మొలకెత్తిన గింజలను కొంగులో వేసుకుని లోపలికి పోయింది. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే అతనికి కొంచెం బాగుండేది.

గురువారం మొదటి బస్సుకే నంద్యాల చేరాడు. సంఘం కోసం కావ్య కూర్చునే గది ఒక ఎరువుల అంగడి మేడ మీద ఉంది. ఆమె కాగితం తీసి బల్ల మీద పరిచింది. శేషయ్య కూర్చోలేదు. వేలు పెట్టి చూపించాడు. నాలుగో వరస కొట్టెయ్యమన్నాడు.

కావ్య కొట్టేసి, పక్కన చిన్న అంకెలు వేసి కూడింది. పెన్సిలు ఆగిపోయింది. ఇంకో కాగితం తీసుకుని మళ్ళీ వేసింది.

"నిజమే పెద్దనాయనా," అంది మెల్లగా. "మీ రెండిట్లో ఏది మేలని అడిగితే ఎవురూ మాట మార్చలేదు. అప్పుడూ ఇప్పుడూ అయిదుకు నాలుగే. మధ్యలో సంబంధం లేనిది ఒకటి వచ్చేసరికి కిందామీదా అయింది. నాకు తట్టనే లేదు."

"నీ తప్పేముంది."

"రేపు ఆళ్ళగడ్డలో మీటింగు. ఆడ తీర్మానం రాస్తారు. నేను చెప్తా. మళ్ళీ చూడమని అడుగుతా."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. శ్రీకాంత్ లోపలికి వచ్చి, బల్ల మీద కాగితాలూ ఇద్దరి ముఖాలూ చూసి, కుర్చీ లాక్కున్నాడు. నలభై దాటిన మనిషి. తాత కాలం నుంచి బియ్యం వ్యాపారమే. కావ్య దాచకుండా జరిగింది చెప్పింది. అతను కోప్పడలేదు. కాగితాన్ని తనవైపు తిప్పుకుని లెక్క తానే వేసి చూశాడు.

"లెక్క కరెక్టే," అన్నాడు. "అయితే ఒకటి అడుగుతా శేషన్నా. ఆ నాలుగోది నేను పెట్టమంటినా?"

"లేదు."

"నా మనిషి పెట్టమన్యాడా?"

"లేదప్పా. నేనే పెట్టమంటి."

"సరే. ఆ పొద్దు నీకు ముప్పై ఒకటి వచ్చి నాకు ఇరవై ఎనిమిది వచ్చింటే, ఈ పొద్దు బస్సెక్కి వస్తా వుంటివా? నాలుగోది తీసేసి లెక్క చూడండి, శ్రీకాంత్‌కు అన్యాయమైందేమో అని?"

కింద ఎరువుల బస్తాలు దించుతున్నారు. ఒక్కో బస్తా పడినప్పుడల్లా గది నేల సన్నగా అదిరింది. కావ్య శేషయ్య ముఖం వైపు చూడకుండా పెన్సిలు ముల్లు తడుముకుంటోంది.

"రాకపోతా వుంటి," అన్నాడు శేషయ్య.

శ్రీకాంత్ ఆ జవాబు కోసం సిద్ధంగా లేడు. కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు.

"రాకపోతా వుంటి," అన్నాడు శేషయ్య మళ్ళీ. "కానీ నువ్వు వచ్చింటే, కాదని మాత్రం అనకపోతా వుంటి. ఇద్దరివే వండి పెట్టండి, ఇంకోసారి తింటారు అంటా వుంటి."

"అదేదో రేపు సంఘంలో చెప్పుకో," అన్నాడు శ్రీకాంత్. గొంతులో ముందున్న బిగువు లేదు. లేచి గుమ్మం దాకా పోయి ఆగాడు. "నేనైతే అడ్డం పడను. అట్లని నీ తరఫున చెయ్యీ ఎత్తను."

శుక్రవారం ఆళ్ళగడ్డలో సంఘం గది కిటకిటలాడింది. బయట శిల్పుల షెడ్లలో ఉలి దెబ్బలు ఆగకుండా వినబడుతున్నాయి. సంఘం పెద్ద సంజీవయ్య కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కావ్య చెప్పేదంతా విన్నాడు. ఆమె గోడ మీది నల్లబల్ల పైన రెండు లెక్కలూ వేసి చూపించింది. రుచి చూసిన తొమ్మిది మందీ ముందు వరసలో ఉన్నారు. శేషయ్య వెనక గోడకు ఆనుకుని, తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు. లెక్క అందరికీ అర్థమైంది. అర్థమైనట్టు తలలు ఊగాయి. ఆ ఊపు చూసి అతని చేతుల్లో తువ్వాలు కొంచెం వదులైంది.

"సరే," అన్నాడు సంజీవయ్య. "తిన్నోళ్ళు మీరే. మళ్ళీ రెండే వండి పెడితే తింటారా? తింటామనేటోళ్ళు చెయ్యెత్తండి."

టౌను వాళ్ళలో ఎవరూ ఎత్తలేదు. పల్లె వాళ్ళలో ఒక చెయ్యి లేచింది. పక్కవాడిని చూసి ఇంకొకటి సగం దాకా లేచి, తల గోక్కుని దిగింది.

శేషయ్య ఉమామహేశ్వరమ్మ వైపు చూశాడు. ఆమె వెనక్కి తిరిగి అతన్నే చూస్తోంది.

"శేషయ్యా, నీదే ముందర పెట్టినా," అంది. "ఈ పొద్దు అడిగినా నీదే బాగుండాదంటా. కానీ పెట్టిన గింజ వెనక్కి తీసుకునేది నా చేత కాదప్పా. మూడొద్దంటివి, సరేనంటిమి. నాలుగు పెట్టమంటివి, నాలుగు తింటిమి. ఈ పొద్దు రెండంటాండావు. రేపు ఇంకొకడొచ్చి అయిదంటాడు. ఎన్నిసార్లు తిందుము?"

ఎవరో గొణిగారు. ఎవరో అవునన్నారు. తనది ముందన్న అయిదుగురిలో నలుగురు ఇప్పుడు నేల చూస్తున్నారు. శేషయ్య ఆమె చెప్పిందాంట్లో అబద్ధం యాడుందా అని వెతికాడు. దొరకలేదు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

సంజీవయ్య కళ్ళద్దాలు కిందికి దించుకుని తీర్మానం రాయించాడు. నలభై ఎకరాలూ తెల్ల సన్నం. కావ్య నల్లబల్ల తుడుస్తూ ఇరవై మూడు అన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగి, అదీ తుడిచింది.

బయట ఎండ మండుతోంది. శ్రీకాంత్ బండి తాళం తీస్తూ శేషయ్యను చూశాడు. తల ఊపి వెళ్ళిపోయాడు. అహోబిలం పోయే జీపులు నిలిచే చోట రేకుల నీడలో జయమ్మ గోనెసంచి మీద కూర్చుని ఉంది.

"జీపు నిండలేదంట. కూర్చో శేషన్నా," అంది.

అతను కూర్చున్నాడు. డ్రైవరు ఎవరినో కేకేసి పిలుస్తున్నాడు.

"నీ వడ్లు ఎన్నుండాయి?"

"బస్తాకు తక్కువ. వందకు అరవై మొలుస్తాండాయి."

"చిక్కగా పోయాల నారు."

"యాడ పోసేది? కాలువ చివర మడి నాది. నీళ్ళొస్తే వచ్చినట్లు, లేకుంటే లేదు."

జయమ్మ చెప్పుల్లో చేరిన ఇసుక దులిపింది.

"ఆ పొద్దు నాలుగు కుండల్లోదీ ఎత్తుకపోతి గదా. నీళ్ళు పోసి పెట్టినా, నాలుగు గిన్నెల్లో. మరుసటి దినం పొద్దున మూత తీస్తే తెల్లవి రెండూ జిగురు జిగురుగా అయినాయి. నోట్లో పెట్టుకోలేకపోతి. కోళ్ళకేస్తి. నాదీ నీదీ గింజ గింజగానే ఉండాయి. మజ్జిగ పోసుకుని ఎర్రగడ్డ కొరుక్కుంటా రెండూ తింటి. నీది నాదానికంటే ఒక పిసరు మేలు."

శేషయ్య ఆమె వైపు తిరిగాడు. "ఆడ చెప్పింటే ఏం పోయె?"

"నన్నెవురడిగినారు? తొమ్మిది గింజలదాన్ని." ఆమె గొంతులో కోపం లేదు. "సద్ది తినేటోడెవుడున్నాడు ఆ వరసలో? అందరూ వేడివేడిది తినిరి, లేచిపోయిరి."

డ్రైవరు హారను కొట్టాడు. జయమ్మ లేచి సంచి దులుపుకుంది.

"నా మడి ఎకరా. ఎగువ కాలువ కింద. నీళ్ళకు లోటు లేదు. సగం నువ్వు తీసుకో."

"మరి నీ ఎర్ర దొడ్డు?"

"మిగిలిన సగంలో ఉంటాది. యాడికి పోతాది? దాన్ని కావాలన్యోడు లేడు, వద్దన్యోడు లేడు."

"నీకేమియ్యాల?"

"నాకు సద్దికి బియ్యం పంపు. ఇంగేమొద్దు. ఎక్కు, జీపు పోతాండాది."

ఆదివారం తెల్లవారుతూనే ఇద్దరూ ఆమె మడి గట్టు మీద నిలబడ్డారు. రాత్రి పడిన జల్లుకు మట్టి పై పొర నల్లబడింది. శేషయ్య చెప్పులు విప్పి దిగి, ఒక మూల నుంచి అడుగు మీద అడుగు వేసుకుంటూ కొలిచాడు. సగం దగ్గర మడమతో గుంట చేసి కంప పుల్ల పాతాడు. అక్కడి నుంచి ఇంకో నాలుగు అడుగులు పెద్దవిగా వేసి రెండో పుల్ల పాతాడు. ఎదురు గట్టు దగ్గర కూడా అట్లాగే రెండు పాతి, నారతాడు లాగి కట్టాడు. తాడు రెండు వైపులా బిగువుగా ఉందో లేదో వేలితో మీటి చూశాడు.

"ఇంత నడుమ ఎందుకిడుస్తాండావు?" అంది జయమ్మ. "నాలుగడుగుల నేల పాడు."

"నీది పూతకొచ్చేదీ నాది పూతకొచ్చేదీ ఒకటేసారి. దగ్గరుంటే గాలికి కలుస్తాది. రెండూ చెడ్తాయి."

ఆమె ఆ ఖాళీ నేలను చూస్తూ కొంగు నడుముకు చెక్కుకుంది. ఆమె కళ్ళ కొసల్లో ఏదో మెదిలింది.

"ఊరికే ఇడిచేదేంటికి శేషన్నా. నడుమ ఒక వరస ఇంకేదన్నా ఏద్దాం. ఏదైతే ఏమి."

శేషయ్య తాడు ముడి బిగిస్తున్నవాడు తలెత్తి చూశాడు. మంగళవారం నుంచి ఇప్పటిదాకా బిగదీసుకున్న దవడ కదిలింది. నవ్వు వచ్చేసింది. పెద్దగా కాదు, ముక్కులో నుంచి.

"వద్దు తల్లీ," అన్నాడు. "రెండే ఉండనీ."